గేమింగ్ కంప్యూటర్ చీటీ: ఏ భాగానికి ఎంత, ఎందుకంత?

మా మేనల్లుడు తొమ్మిదో తరగతి. పండగకు పెద్దవాళ్లు చేతిలో పెట్టిన డబ్బునూ, తాతగారు వేస్తానన్న వాటానూ, నాన్న మనసు కరిగే అవకాశాన్నీ కలిపి లెక్క కట్టి, గేమింగ్ కంప్యూటర్ ఒకటి ఖాయం చేసుకున్నాడు. కావలసిన భాగాల జాబితా రాసి వాళ్ల నాన్నకు ఫోనులో పంపాడు. బావగారు దాన్ని నాకు పంపుతూ కింద ఒక్క ముక్క జోడించారు: "మందుల చీటీలా ఉంది. ఏ జబ్బుకో నువ్వే చెప్పాలి."

చీటీలో ఉన్నవి ఇవి: రైజెన్ 5 7600 ప్రాసెసర్, బీ650 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్5 ర్యామ్, ఆర్‌టీఎక్స్ 5060 గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ (ఆటలు, ఫైళ్లు దాచుకునే చోటు), 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్, రంగురంగుల దీపాల ఫ్యాన్లు ఆరు బిగించిన గాజు క్యాబినెట్. మానిటర్ ఊసు లేదు. "ఇంట్లో పాతది ఉందిగా" అన్నాడట.

పద్నాలుగేళ్లవాడు రాసిన చీటీగా చూస్తే మెచ్చుకోవలసిందే. నేను చూసిన కొన్ని దుకాణాల కొటేషన్లకన్నా నయం. అయితే ఏ భాగం దేనికోసం పని చేస్తుంది, ఒకటి పెరిగితే ఇంకొకటి ఎందుకు తగ్గాలి అన్నది అందులో కనిపించదు. పైగా 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు ఎగబాకడంతో అంతకు ముందు వేసుకున్న లెక్కలన్నీ తలకిందులయ్యాయి. ఆ లెక్కలు అసలు ఎలా కట్టాలో చూద్దాం.

అంతకు ముందు, తల్లిదండ్రులు తరచూ పొరబడే ఒక విషయం. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది డబ్బు ఒడ్డి ఆడే ఆటలను. పిల్లలు ఆడే మామూలు వీడియో ఆటలు, ఈ-స్పోర్ట్స్ ఆ నిషేధంలోకి రావు.

నారు అందించేవారు, నాటేవారు

ఆటలో మనకు కనిపించే కదలిక నిజానికి వెంటవెంటనే మారే నిశ్చల చిత్రాల వరుస. ఒక్కో చిత్రాన్ని ఫ్రేమ్ అంటారు. సెకనుకు ఎన్ని ఎక్కువ ఫ్రేములు తయారైతే కదలిక అంత నునుపుగా ఉంటుంది. ఒక్కో ఫ్రేము తయారీలో ఇద్దరి చెయ్యి ఉంటుంది. ఎదుటివాడు ఎక్కడున్నాడు, బంతి ఎటు ఎగిరింది, గోడ కూలితే ఇటుకలు ఎటు దొర్లాలి అని తేల్చి, గీయవలసినవాటి పట్టీని అందించేది ప్రాసెసర్. ఆ పట్టీ చూసి తెరమీది లక్షల చుక్కలకు రంగులద్దేది గ్రాఫిక్స్ కార్డు.

వరినాట్లు చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. నారుమడిలో నారు పీకి కట్టలు కట్టి అందించేవారు కొందరు, వంగి నాటేవారు కొందరు. గంటకు 150 కట్టలు అందుతున్నా, నాటేవారు 90 కట్టలే నాటగలిగితే పొలంలో పడేది 90 కట్టలే. మిగతా నారు గట్టున వాడిపోతుంది. తిరగేసి చూస్తే, నాటేవారు ఎందరున్నా నారు అందకపోతే నడుముమీద చెయ్యి పెట్టుకుని నిలబడవలసిందే.

కంప్యూటర్ దుకాణాల్లో 'బాటిల్‌నెక్' అంటూ భయపెట్టే మాటకు అర్థం ఇంతే. దాన్నొక జబ్బులా చూడనక్కర్లేదు. ఇద్దరిలో ఎవరో ఒకరు ఎప్పుడూ వెనకబడే ఉంటారు. ఎవరు వెనకబడతారన్నది ఆటను బట్టి, తెరను బట్టి మారుతుంది. ఒకే కంప్యూటర్‌లో పొద్దున ఆడిన ఆటలో ప్రాసెసర్ వెనకబడితే, సాయంత్రం ఆటలో గ్రాఫిక్స్ కార్డు వెనకబడవచ్చు. రెండు పేర్లు టైపు చేయగానే 'మీ బాటిల్‌నెక్ 12 శాతం' అని తేల్చే వెబ్‌సైట్లను అందుకే నేను జాతకాల పక్కన పెడతాను.

లెక్క మొదలయ్యేది తెర దగ్గర

మేనల్లుడి చీటీలో అసలు లేని వస్తువే మొత్తం లెక్కను నడిపిస్తుంది. వాళ్లింట్లో ఉన్నది 60 హెర్ట్జ్ మానిటర్. అంటే సెకనుకు 60 సార్లు మాత్రమే చిత్రం మార్చగలదు. గ్రాఫిక్స్ కార్డు సెకనుకు 140 ఫ్రేములు తయారుచేసినా కంటికి చేరేవి 60 చిత్రాలే. మౌస్ కదిలించగానే స్పందన కాస్త చురుగ్గా అనిపించడం వరకు లాభం ఉంటుంది. పెట్టిన డబ్బులో చాలా భాగం మాత్రం తెర దగ్గరే ఆగిపోతుంది. 60 హెర్ట్జ్ తెరమీద ఒక్కో చిత్రం 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది. 144 హెర్ట్జ్ తెరమీద 6.9 మిల్లీసెకన్లే. గురి చూసి కాల్చే ఆటల్లో ఈ తేడాను పిల్లలు ఇట్టే పసిగడతారు. కథ చెప్పే ఆటల్లో అంతగా పట్టించుకోరు.

తెరలో రెండో సంగతి రిజల్యూషన్, అంటే చుక్కల సంఖ్య. 1080పీ తెరలో అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు. గుణిస్తే 20,73,600. 1440పీ తెరలో 36,86,400. 4కే తెరలో 82,94,400. ప్రతి ఫ్రేముకూ ఇన్ని చుక్కలకు రంగులద్దాలి. 1080పీ నుంచి 1440పీకి వెళితే పని 1.78 రెట్లు, 4కేకి వెళితే నాలుగు రెట్లు. ఒక కార్డు 1080పీలో 120 ఫ్రేములు ఇస్తోందనుకుందాం. చుక్కల లెక్క ఒక్కటే చూస్తే 1440పీలో 67, 4కేలో 30 ఫ్రేములే రావాలి. చుక్కలతో సంబంధం లేని పని కూడా కొంత ఉంటుంది కనుక నిజంలో అంత ఘోరంగా పడిపోదు. భారం ఏ వైపు పడుతుందో చెప్పడానికి మాత్రం ఈ లెక్క చాలు.

చుక్కలు పెరిగితే భారం పడేది నాటేవారిమీద, అంటే గ్రాఫిక్స్ కార్డుమీద. నారు అందించేవారి పని దాదాపు మారదు. అందుకే 1080పీ తెర ముందు కూర్చునే పిల్లవాడికి, 1440పీ తెర ముందు కూర్చునే పిల్లవాడికి ప్రాసెసర్ ఒకటే సరిపోయినా కార్డు ఒకటే సరిపోదు.

ఏ ఆట ఎవరిమీద భారం వేస్తుంది

వాలరెంట్ లాంటి పోటీ ఆటలను పాత కంప్యూటర్లలో కూడా నడిచేలా తీర్చిదిద్దారు. గ్రాఫిక్స్ కార్డుకు అక్కడ పని తక్కువ. ఓ మోస్తరు కార్డు ఉన్నా సెకనుకు వందల ఫ్రేములు వస్తాయి, ఆపైన అడ్డుపడేది ప్రాసెసరే. మైన్‌క్రాఫ్ట్‌ది ఇంకో తరహా. దాని జావా రూపంలో అసలు భారమంతా ప్రాసెసర్‌లోని ఒక్క కోర్‌మీదే, అంటే లెక్కలు చేసే ఒక్క విభాగంమీదే పడుతుంది. ఎన్ని కోర్లున్నాయి అన్నదానికన్నా ఆ ఒక్కటీ ఎంత వేగం అన్నదే ముఖ్యం. అదే మైన్‌క్రాఫ్ట్‌కు నీళ్లమీద వెలుగు, చెట్ల నీడ చూపించే షేడర్లు తగిలిస్తే భారం ఒక్కసారిగా కార్డుమీదికి దూకుతుంది. సైబర్‌పంక్ 2077 లాంటి పెద్ద ఆటల్లో మొదటి నుంచీ చెమటోడ్చేది కార్డే. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆటకు కాంతి కిరణాలను లెక్కగట్టే రే ట్రేసింగ్ సౌకర్యం కార్డులోనే ఉండి తీరాలి. లేకపోతే ఆట మొదలే కాదు.

కాబట్టి 'గేమింగ్‌కు ఏ కార్డు మంచిది' అన్న ప్రశ్నకు జవాబు లేదు. 'వీడు ఏం ఆడతాడు' అన్నదానికి ఉంది. ఆ సంభాషణలో ఇంకో లాభం కూడా ఉంది. జీటీఏ 5 మీద ఐరోపా రేటింగ్ సంస్థ 18 ఏళ్ల ముద్ర వేసిందన్న సంగతి చాలామంది తండ్రులకు అప్పుడే తెలుస్తుంది.

8 జీబీ, 16 జీబీ: గ్రాఫిక్స్ కార్డు మెమరీ మీద తగువు

మధ్యస్థ బడ్జెట్లో ఇంతగా వాదోపవాదాలు నడిచే విషయం మరొకటి లేదు. గ్రాఫిక్స్ కార్డుకు సొంత మెమరీ ఉంటుంది. దాన్ని వీర్యామ్ అంటారు. గోడల గరుకుదనం, బట్టల నేత, ముఖాల ముడతలు లాంటి బొమ్మలన్నీ అందులో కూర్చుంటాయి. కంప్యూటర్‌లో ఉండే మామూలు ర్యామ్‌తో దీన్ని కలపకూడదు.

2025 జూన్‌లో ఏఎండీ సంస్థ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ కార్డును రెండు రకాలుగా తెచ్చింది. 8 జీబీ మెమరీ ఉన్నది 299 డాలర్లు, 16 జీబీది 349 డాలర్లు. లోపలి చిప్ ఒకటే. అదే ఏడాది ఏప్రిల్‌లో ఎన్విడియా కూడా ఆర్‌టీఎక్స్ 5060 టీఐని ఇలాగే 379, 429 డాలర్లకు తెచ్చింది. ఇవన్నీ అమెరికాలో, పన్ను కలపకుండా ప్రకటించిన ధరలు. మన బిల్లులో 18 శాతం జీఎస్టీ, దిగుమతిదారు లాభం, దుకాణం లాభం కలుస్తాయి. మా వాడి చీటీలోని ఆర్‌టీఎక్స్ 5060 మాత్రం 8 జీబీతోనే వస్తుంది.

మెమరీ నిండితే ఏమవుతుంది? పట్టని బొమ్మలను కార్డు కంప్యూటర్ ర్యామ్‌లో దాచి, కావలసినప్పుడల్లా తెచ్చుకుంటుంది. ఆ దారి ఎంత ఇరుకో చూడండి. ఆర్‌టీఎక్స్ 5060 తన సొంత మెమరీ నుంచి సెకనుకు 448 జీబీ చదవగలదు. బీ650 బోర్డుల్లో కార్డు బిగించే స్లాటు సాధారణంగా నాలుగో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్. ఈ కార్డు వాడుకునేది అందులో 8 లేన్లు. ఆ దారిలో సెకనుకు వచ్చేది సుమారు 16 జీబీ. అంటే 28 రెట్లు నెమ్మది. మూడో తరం స్లాటు ఉన్న పాత బోర్డులో అది 8 జీబీకి పడిపోతుంది. సగటు ఫ్రేముల సంఖ్య బాగానే కనిపిస్తూ, మలుపు తిరిగినప్పుడల్లా ఆట ఒక్క క్షణం తడబడుతుంది. కొన్ని ఆటలైతే తడబడకుండా, బొమ్మల నాణ్యతనే చెప్పకుండా తగ్గించేస్తాయి.

8 జీబీ చాలనేవారి వాదన కొట్టిపారేసేది కాదు. 1080పీలో పోటీ ఆటలు ఆడే పిల్లవాడికి ఆ మెమరీ నిండదు. పెద్ద ఆటల్లో కూడా టెక్స్చర్, అంటే ఈ బొమ్మల నాణ్యతను ఒక మెట్టు దించితే చాలా వరకు సర్దుకుంటుంది. మిగిలిన డబ్బు మంచి మానిటర్‌కు వెళితే రోజూ కళ్ల ముందు కనిపిస్తుంది. 16 జీబీ కావాలనేవారు కాలాన్ని చూస్తారు. కార్డు నాలుగైదేళ్లు ఉండాలి, ఆటల ఆకలి ఏటా పెరుగుతోంది, కార్డు మెమరీని తర్వాత పెంచుకునే వీలు లేదు. మధ్యలో 12 జీబీతో ఇంటెల్ ఆర్క్ బీ580 ఉంది. 2024 డిసెంబరులో 249 డాలర్లకు వచ్చింది. కాగితంమీద చక్కగా కనిపించే ఈ కార్డుకు ఒక మెలిక ఉంది. ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే రీసైజబుల్ బార్ అనే సౌకర్యం లేని పాత బోర్డుల్లో బాగా వెనకబడుతుంది, పాత ప్రాసెసర్ పక్కన కూడా నీరసపడుతుంది. పాత కంప్యూటర్‌కు కొత్త ప్రాణం పోద్దామని కొనేవారికే అది సరిపడకపోవడం వింతే.

నా మొగ్గు చెప్పమంటే, 1440పీ తెర కొనే ఆలోచన ఉన్న ఇంట్లో 8 జీబీ కార్డుకు చోటు లేదు. 1080పీ దగ్గర ఆగేవారికి రెండూ న్యాయమైన ఎంపికలే.

ఊహించి గీసే ఫ్రేములు

కార్డుల పెట్టెలమీద డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ అన్న మాటలు కనిపిస్తాయి. మొదటిది ఎన్విడియాది, రెండోది ఏఎండీది. వీటిలో రెండు వేర్వేరు పనులు కలగలిసి ఉన్నాయి. మొదటిది అప్‌స్కేలింగ్. 1080పీ తెరకు 'క్వాలిటీ' పద్ధతిలో కార్డు నిజంగా గీసేది 1280 × 720 చుక్కలే, అంటే 9,21,600. అసలు పనిలో ఇది 44 శాతం. మిగతా చుక్కలను ముందు ఫ్రేముల ఆధారంగా నింపుతుంది. రెండోది ఫ్రేమ్ జనరేషన్. గీసిన రెండు ఫ్రేముల మధ్య ఊహించిన ఫ్రేమును చొప్పిస్తుంది.

మొదటిదాన్ని దాదాపు అందరూ ఒప్పుకుంటున్నారు. చిన్న తెరమీద తేడా పట్టుకోవడం కష్టమే. ఏఎండీ నాలుగో ఎఫ్‌ఎస్‌ఆర్‌ను మొదట 9000 వరుస కార్డులకే తెచ్చింది కనుక, పాత ఏఎండీ కార్డు చవకగా దొరికినప్పుడు అది కూడా లెక్కలోకి రావాలి. రెండోదాని దగ్గరే పేచీ. ఆట అసలు 30 ఫ్రేములతో నడుస్తుంటే, తెరమీద 60 కనిపించినా మౌస్‌కు స్పందన 30కి తగ్గట్టే ఉంటుంది, నిజానికి ఇంకొంచెం ఆలస్యంగానే ఉంటుంది. ప్రకటనల్లోని ఫ్రేముల పట్టికలో ఈ ఊహా ఫ్రేములు కలిశాయా లేదా అన్నది కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇప్పటికే 70, 80 ఫ్రేములు వచ్చే చోట అది అందం తెస్తుంది. రాని చోట తెచ్చిపెట్టలేదు.

సాకెట్ అనే పునాది

ప్రాసెసర్ కూర్చునే చోటును సాకెట్ అంటారు. ఇల్లు కట్టాక గోడలకు రంగు మార్చవచ్చు, పునాది మార్చలేం. సాకెట్ అలాంటిది. ఏది కొంటే దానికి తగిన ప్రాసెసర్లు, ర్యామ్ మాత్రమే తర్వాత పట్టుతాయి.

ఏఎండీ వారి పాత సాకెట్ ఏఎం4. డీడీఆర్4 ర్యామ్ వాడుతుంది. రైజెన్ 5 5600 ఈ వర్గానిదే. కొత్తది 2022 సెప్టెంబరులో వచ్చిన ఏఎం5. మా వాడి చీటీలోని ప్రాసెసర్, బోర్డు దీనివే. డీడీఆర్5 మాత్రమే పడుతుంది. ఇంటెల్ వైపు 12, 13, 14 తరాల ప్రాసెసర్లు ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో కూర్చుంటాయి. కోర్ ఐ5-12400ఎఫ్ అందులోదే. అక్కడ డీడీఆర్4 బోర్డులు, డీడీఆర్5 బోర్డులు వేర్వేరుగా దొరుకుతాయి. 2024 అక్టోబరులో ఇంటెల్ ఎల్‌జీఏ 1851కి మారిపోయింది. రెండు రకాల ర్యామ్‌లకూ 288 కాళ్లే ఉన్నా మధ్య గాడి వేరేచోట ఉంటుంది. ఒకదాని చోట ఇంకొకటి బిగించలేం.

పాత సాకెట్ మేలనేవారు ఈ రోజు మిగిలే డబ్బును చూపిస్తారు. ఆ డబ్బు కార్డులో పెడితే ఈ రోజే ఎక్కువ ఫ్రేములు. 1080పీలో 5600 ఇప్పటికీ చేతులెత్తేసే రకం కాదు. కొత్త సాకెట్ వైపున్నవారు చరిత్ర చూపిస్తారు. 2017లో కొన్న ఏఎం4 బోర్డుల్లో చాలావాటికి, బయోస్ (బోర్డును నడిపే సాఫ్ట్‌వేర్) మార్చుకుంటే 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ పట్టింది. ఐదేళ్ల తర్వాత బోర్డు తీయకుండానే ఇంకో బతుకు. ఏఎం5కు 2027 వరకు, ఆ తర్వాత కూడా మద్దతిస్తామని ఏఎండీ చెప్పింది. పిల్లవాడి విషయంలో నాకు ఈ రెండో వాదన కాస్త బరువుగా తోస్తుంది. తొమ్మిదో తరగతిలో కొన్నది ఇంజనీరింగ్ రెండో సంవత్సరం దాకా నడవాలని ఇంట్లో అందరూ మనసులో అనుకుంటూనే ఉంటారు కదా.

ఇంటెల్ పేరు చివరి 'ఎఫ్' అక్షరానికి, ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ లేవని అర్థం. కార్డు పాడై సర్వీసుకు వెళ్లిన నెల రోజులూ తెర నల్లగా ఉంటుంది. రైజెన్ 5 7600లో చిన్నపాటి గ్రాఫిక్స్ ఉన్నాయి. ఆటలకు చాలవు కానీ హోంవర్కుకు చాలు.

ఇంకో దారి, ముందు కార్డే కొనకపోవడం. రైజెన్ 5 8600జీలో ఉన్న గ్రాఫిక్స్‌తో వాలరెంట్, మైన్‌క్రాఫ్ట్ 1080పీలో హాయిగా ఆడవచ్చు. కార్డును ఏడాది తర్వాత తెచ్చుకోవచ్చు. దీనికి మూల్యం ఉంది. ప్రాసెసర్ తన పక్కనే ఉంచుకునే చిన్న, వేగమైన మెమరీ క్యాషే 7600లో 32 ఎంబీ ఉంటే, ఇందులో 16 ఎంబీయే. కార్డు బిగించాక పెద్ద ఆటల్లో ఆ లోటు తెలుస్తుంది. పైగా లోపలి గ్రాఫిక్స్ మెమరీని కంప్యూటర్ ర్యామ్ నుంచే అప్పు తీసుకుంటాయి. ఆ ర్యామే ఇప్పుడు ప్రియమైంది.

ర్యామ్ ధర ఎందుకు పెరిగింది

ప్రపంచంలో ర్యామ్ చిప్పుల్లో చాలా భాగం మూడు సంస్థలవే: శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. కృత్రిమ మేధ సర్వర్లకు కావలసిన హెచ్‌బీఎం అనే అంతస్తుల మెమరీని కూడా అవే తయారు చేస్తాయి. ఒక జీబీ హెచ్‌బీఎం తయారీకి, ఒక జీబీ డీడీఆర్5కన్నా దాదాపు మూడు రెట్లు సిలికాన్ ఖర్చవుతుందని మైక్రాన్ చెప్పిన లెక్క. ఉన్న పొలంలో చెరకు వేస్తే వరికి చోటు తగ్గినట్టే ఇది. 2025 డిసెంబరులో అదే మైక్రాన్, మామూలు వినియోగదారులకు అమ్మే తన క్రూషియల్ బ్రాండ్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. డీడీఆర్4 కూడా ఈ సెగ తప్పించుకోలేదు. దాని తయారీనే తగ్గించుకుంటూ వచ్చారు. ఎస్‌ఎస్‌డీల్లో వాడే చిప్పులదీ ఇదే బాట.

80,000 రూపాయల లెక్క

ధరలు వారం వారం మారుతున్నాయి కనుక ఈ కింది అంకెలను వాటాల ఉదాహరణగానే చూడాలి. మొత్తం 80,000. కార్డుకు 28,000. ప్రాసెసర్, బోర్డు కలిపి 22,000. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ కలిపి 14,000. ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే పెట్టె), క్యాబినెట్‌కు 8,000. మానిటర్‌కు 8,000. ఈ 80,000లో 18 శాతం జీఎస్టీ కిందే 12,203 రూపాయలు పోతాయి. బిల్లు వద్దంటే తగ్గిస్తామనే మాటలో ఆకర్షణ అక్కడిదే. అయితే బిల్లు వదులుకుంటే మూడేళ్ల వారంటీని కూడా వదులుకున్నట్టే.

ఇప్పుడు ర్యామ్, ఎస్‌ఎస్‌డీల ఖర్చు 14,000 నుంచి 20,000కు పెరిగిందనుకుందాం. ఆ 6,000 ఎక్కడినుంచి రావాలి? కార్డులో కోస్తే ఒక మెట్టు కింది కార్డు వస్తుంది, పెద్ద ఆటలమీద దెబ్బ. బోర్డు, ప్రాసెసర్‌లలో కోస్తే ఏఎం4కి దిగాలి, రేపటి దారి మూసుకుంటుంది. 1 టీబీ ఎస్‌ఎస్‌డీని 500 జీబీకి దించితే? తయారీదారు దశాంశ లెక్కలో చెప్పే 1 టీబీ విండోస్‌లో 931 జీబీగా, 500 జీబీ 465 జీబీగా కనిపిస్తుంది. జీటీఏ 5 ఒక్కటే 100 జీబీ దాటుతుంది. నాలుగు పెద్ద ఆటలు కూర్చోగానే ఇల్లు నిండుతుంది. కానీ బోర్డులో రెండో స్లాటు ఉంటే ఇంకో ఎస్‌ఎస్‌డీ తర్వాత తగిలించవచ్చు, పాతది తీయనక్కర్లేదు.

నాలుగో దారి, 16 జీబీకి రెండు 8 జీబీ ర్యామ్‌ల బదులు ఒక్కటే కొని, రెండోది చవకైనప్పుడు కొనడం. డీడీఆర్5-6000 ర్యామ్ ఒక్కటి సెకనుకు 48 జీబీ అందిస్తుంది, రెండు కలిసి 96. ఒక్కటే పెడితే దారి సగమవుతుంది, నారు అందించేవారి చేతులు సగం కట్టేసినట్టు. విడి కార్డు ఉన్న కంప్యూటర్‌లో కొన్ని ఆటలు దీన్ని ఓర్చుకుంటాయి. 8600జీ లాంటిదానిలో మాత్రం ఆట సగం చచ్చిపోతుంది.

ఈ నాలుగింటినీ ఒక ప్రశ్నతో విడదీయవచ్చు: ఇప్పుడు కోసినదాన్ని తర్వాత, ఉన్నది పారేయకుండా అతికించుకోగలమా? ఎస్‌ఎస్‌డీని అతికించవచ్చు. ర్యామ్‌ను కొంతవరకు. కార్డును అమ్మి మార్చుకోవచ్చు, నష్టంతో. సాకెట్‌ను, ఎస్‌ఎంపీఎస్‌ను అతికించలేం.

ఎస్‌ఎంపీఎస్, కరెంటు, ఎండ

కరెంటును కంప్యూటర్‌కు తగినట్టు మార్చి ఇచ్చే పెట్టె ఎస్‌ఎంపీఎస్. మా వాడు 450 వాట్లు రాశాడు. లెక్క చూద్దాం. ఆర్‌టీఎక్స్ 5060కి 145 వాట్లు, ప్రాసెసర్ నిండుగా పనిచేస్తే 88, మిగతావాటికి 60 అనుకుంటే 293. అయితే ఎన్విడియా 550 వాట్లు ఎందుకు సూచిస్తోంది? కార్డు వాడకం క్షణకాలం పాటు సగటును దాటి ఎగురుతుంది. పైగా పెట్టెమీద రాసిన వాట్లన్నీ నిజం కావు. క్యాబినెట్‌తో కలిపి ఊరికే వచ్చే ఎస్‌ఎంపీఎస్‌ల విషయంలో మరీను. '80 ప్లస్' ముద్ర చూపేది కరెంటు ఎంత వృథా కాకుండా మారుతోందన్నది. రక్షణకు అది హామీ కాదు, రెండింటినీ ఒకటిగా అమ్మేవారు ఉన్నారు.

293 వాట్లు లోపల కావాలంటే, 85 శాతం సామర్థ్యం ఉన్న పెట్టె గోడనుంచి 345 వాట్లు లాగుతుంది. మానిటర్ 25 కలిపితే 370. మామూలుగా ఇళ్లలో కనిపించే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది 360 వాట్లే. అంటే ఆట మధ్యలో కరెంటు పోతే ఆ యూపీఎస్ ఒక్క కూత కూసి ఆగిపోవచ్చు. సుమారు 600 వాట్లు మోసే 1,000 వీఏది అయితే ఆట మూసి కంప్యూటర్ ఆపేంత సమయం దొరుకుతుంది. నెల బిల్లు సంగతి: 370 వాట్లు, రోజుకు రెండు గంటలు, 30 రోజులు అంటే 22 యూనిట్లు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్లాబులున్నాయి కనుక ఈ 22 యూనిట్లు మీ ఇంటి చివరి స్లాబు ధరకు పడతాయి.

ఎండాకాలం సంగతి పెట్టెలమీద రాయరు. ఫ్యాను గాలితో చల్లబడే ఏ చిప్పూ గది వేడికన్నా కిందికి దిగదు. జనవరిలో గది 22 డిగ్రీలు ఉన్నప్పుడు 64 చూపిన కార్డు, మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో 37 డిగ్రీల గదిలో దాదాపు 79 చూపుతుంది. ముందువైపు మొత్తం గాజు బిగించిన క్యాబినెట్‌లో ఆరు ఫ్యాన్లున్నా అవి పీల్చుకోవడానికి గాలి కావాలి. జాలీ ముఖం ఉన్న సాదా క్యాబినెట్‌లో మూడు ఫ్యాన్లు అంతకన్నా మేలు చేస్తాయి. దీపాలు వేడిని తగ్గించవు. ఈ ఒక్క విషయంలోనే మామా అల్లుళ్ల మధ్య మాటా మాటా పెరిగింది.

కొన్నాక తెలియకుండా పోయే లాభం

మంచి భాగాలు కొని కూడా వాడుకోని ఇళ్లు నేను మూడు రకాలుగా చూశాను. మానిటర్ తీగను కార్డుకు కాకుండా బోర్డుకు తగిలిస్తే, కార్డు ఊరికే కూర్చుని ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ ఆటను ఈడుస్తాయి. 6000 వేగమున్న ర్యామ్, బయోస్‌లో ఎక్స్‌పో లేదా ఎక్స్‌ఎంపీ అనే మీట నొక్కేదాకా 4800 లాంటి మామూలు వేగంతోనే నడుస్తుంది. 144 హెర్ట్జ్ మానిటర్‌ను విండోస్ తరచూ 60 దగ్గరే ఉంచుతుంది, సెట్టింగులలోకి వెళ్లి మార్చాలి.

విండోస్ లైసెన్సు, కీబోర్డు, మౌస్, హెడ్‌సెట్, బోర్డులో లేకపోతే వైఫై అడాప్టర్ కొటేషన్లలో కనిపించని ఖర్చులు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రక్షణ సౌకర్యాలు ఆన్‌లో ఉండాలి. ఉచితంగా దొరికే లినక్స్‌లో చాలా ఆటలు నడుస్తున్నాయి కానీ వాలరెంట్, ఫోర్ట్‌నైట్ నడవవు. పిల్లల ఇంట్లో ఆ రెండు పేర్లతోనే లినక్స్ చర్చ ముగిసిపోతుంది.

ల్యాప్‌టాప్ కొంటే సరిపోదా అని బావగారు అడిగారు. హాస్టలుకు వెళ్లే పిల్లవాడికి అదే సబబు. కాకపోతే పేరు ఒకటైనా సరుకు వేరు. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4070లో 12 జీబీ మెమరీ ఉంటే, ల్యాప్‌టాప్ 4070లో 8 జీబీ. ఒకే పేరున్న కార్డుకు ఒక ల్యాప్‌టాప్‌లో ఇచ్చే వాట్లు ఇంకోదానిలో ఇచ్చేవాటికి రెట్టింపు ఉండవచ్చు. టీవీకి తగిలించి ఆడే కన్సోల్ అయితే ఈ తలనొప్పేదీ లేదు, హోంవర్కు కూడా లేదు.

నిన్న రాత్రి చీటీ మళ్లీ వచ్చింది. పైన మొదటి గీతలో మానిటర్ చేరింది: 1080పీ, 144 హెర్ట్జ్. ఎస్‌ఎంపీఎస్ 550కి పెరిగింది. గాజు క్యాబినెట్ పోయి జాలీది వచ్చింది, ఒక్క దీపం ఫ్యాను మిగిలింది. ఎస్‌ఎస్‌డీ సగమైంది. కార్డు పేరు దగ్గర మాత్రం 8 కొట్టేసి 16 రాసి, మళ్లీ 8 రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టాడు. కింద నాకోసం ఒక వాక్యం: "మామయ్యా, శనివారం వచ్చేటప్పుడు స్క్రూడ్రైవర్ తీసుకురా."